నల్లకోటు వేసుకున్న తొలి మూడేళ్లు: అపోహలు - వాస్తవాలు

జిల్లా కోర్టులో ప్రాక్టీస్ మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కొత్తగా ఎన్‌రోల్ అయి, అంటే బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదై, మా ఆఫీసుకు వచ్చే పిల్లల నోట కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను.

అపోహ: హైకోర్టులో సీనియర్ ఆఫీసు దొరికితేనే భవిష్యత్తు.

వాస్తవం: అక్కడ రిట్లు (ప్రభుత్వ చర్యలపై నేరుగా వేసే పిటిషన్లు), అప్పీళ్లు, మంచి డ్రాఫ్టింగ్ వస్తాయి. సాక్షిని క్రాస్ చేసే, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే, అవకాశం మాత్రం దాదాపు రాదు. మా దగ్గర చేరిన ఏడాదిలోపే ఒకమ్మాయి ప్రామిసరీ నోటు దావాలో క్రాస్ చేసింది. వారం రోజులు జిరాక్స్ చూసి తయారైంది. వాయిదా రోజు బెంచ్ క్లర్క్ దగ్గర అసలు నోటు అడిగి చూస్తే, సంతకం ఒక సిరాలో, తేదీ ఇంకో సిరాలో ఉంది. జిరాక్స్‌లో ఆ తేడా కనిపించదు. ఆ రోజు తను వేసిన మొదటి ప్రశ్న అదే.

అపోహ: పని నేర్పడమే జీతం, జూనియర్ డబ్బు అడగకూడదు.

వాస్తవం: నెలకు కనీసం పట్టణాల్లో రూ.20,000, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15,000 స్టైపెండ్ ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సిఫారసే, తప్పనిసరి కాదు. నేను జూనియర్‌గా ఉన్న ఆఫీసులో రెండేళ్లు బస్సు చార్జీలు కూడా ఇవ్వలేదు. మా నాన్న పొలం కౌలు డబ్బులతో గడిచింది. ఆ ఆసరా లేని పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో తొలిసారి లా చదివినవాళ్లు, తెలివి ఉండి కూడా వృత్తి వదిలేస్తుంటే నిజంగా బాధేస్తుంది. చేరేముందే ఎంత ఇస్తారో అడగండి. అందులో అమర్యాద ఏమీ లేదు.

అపోహ: ఎన్‌రోల్‌మెంట్‌కే వేలకు వేలు కట్టాలి.

వాస్తవం: 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఫీజు జనరల్ వాళ్లకు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మించకూడదు. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరే.

అపోహ: కంపెనీలో లీగల్ ఆఫీసర్‌గా చేస్తూనే జడ్జి పరీక్షకు అనుభవం చూపించొచ్చు.

వాస్తవం: పూర్తికాలం జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీస్ ఆపాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్ష పాసయ్యేలోపు ఇచ్చే తాత్కాలిక నమోదు) నుంచే మొదలవుతుంది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇస్తే దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. కోర్టు రికార్డులో మీ పేరే కనిపించకపోతే ఆ సర్టిఫికెట్ అడగడానికే టెన్షన్ పడాలి. అందుకే మా ఆఫీసులో ప్రతి వకాలత్‌లో (కేసు వాదించమని క్లయింటు లాయరుకిచ్చే అధికార పత్రం) నా పేరు కింద జూనియర్ పేరు కూడా ఉంటుంది. మీ ఆఫీసులో లేకపోతే ఈ వారమే సీనియర్‌గారిని అడగండి.