"మా తెగ మీద పుస్తకాలే లేవు మేడమ్" - అపోహలు, వాస్తవాలు

లైబ్రరీ కౌంటర్లో పద్దెనిమిదేళ్ళ నుంచి కూర్చుంటున్నా, కొత్త బ్యాచ్ పీహెచ్‌డీ పిల్లలు వచ్చారంటే చాలు ఇదే మాట. వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా.

అపోహ: కేటలాగ్‌లో జీరో రిజల్ట్స్ వస్తే మెటీరియల్ లేనట్టే.

కాదు. కానే కాదు. దీని వల్ల టాపిక్ మార్చేసుకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు. ఆమధ్య సీతంపేట వైపు నుంచి ఒక సవర తెగ అమ్మాయి వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ, గైడ్ గారు "సోర్సులు లేవు, వేరేది చూసుకో" అన్నారంట. ఏం కొట్టావు తల్లీ అంటే ఎస్-ఎ-వి-ఎ-ఆర్-ఎ, అంతే, ఇంకోటి కొట్టలేదు. గిడుగు రామమూర్తి గారి 1938 సవర భాష డిక్షనరీ పేరులో ఉన్నది సోర. తెగల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ 1955లో ఒడిశా వైపు సవరల మతం మీద అంత లావు పుస్తకం రాశాడు గానీ టైటిల్లో అసలు తెగ పేరే లేదు, ఉత్తినే "ఒక ఇండియన్ ట్రైబ్" అని పెట్టి లోపలేమో ఎస్-ఎ-ఓ-ఆర్-ఎ అని రాసుకున్నాడు. మరి కంప్యూటర్‌కేం తెలుసు ఈ మూడూ ఒకళ్ళేనని?

ఎరుకల వాళ్ళ గురించి థర్‌స్టన్‌లో, అంటే దక్షిణాది కులాలు, తెగల మీద ఆ బ్రిటిష్ ఆఫీసరు రాసిన పాత వాల్యూముల్లో, చూడాలంటే వై దగ్గర చూసి వదిలెయ్యకండి, మూడో వాల్యూమ్‌లో కొరవ అనే పేరు కింద బోలెడు ఉంది. గోండులు తమని తాము కోయితూర్ అనుకుంటారు, అదీ కొట్టి చూడండి. ఇంకో తిప్పలు, ఇంగ్లిష్‌లో "ఇండియన్స్" అని వెతికితే అమెరికా ఆదివాసీల పుస్తకాలు వరదలా వచ్చి పడతాయి, పుస్తకాలకి సబ్జెక్ట్ పేర్లు పెట్టే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఎప్పటినుంచో వాళ్ళనే అలా పిలిచారు మరి, మనవాళ్ళకైతే తెగ పేరు పక్కన "ఇండిక్ పీపుల్" అని తగిలిస్తారు, చెంచు ఇండిక్ పీపుల్, గోండ్ ఇండిక్ పీపుల్ అని కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

జిల్లా కూడా అంతే. 1950కి ముందు శ్రీకాకుళం జిల్లానే లేదు, అప్పటి కాగితాలు విశాఖ పేరు మీద ఉంటాయి, 1936కి ముందువైతే కొన్ని తాలూకాలవి గంజాం పేరు మీద. పర్లాకిమిడి వైపైతే 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే గంజాం కింద ఉండేది. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళతో ముందు నోట్‌బుక్ మొదటి పేజీలో పాత పేర్లు, స్పెల్లింగులు, పాత జిల్లాలు అన్నీ రాయిస్తా, ఆ తర్వాతే కంప్యూటర్ ముట్టుకోనిస్తా.

మిగతావి గబగబా.

రికార్డులన్నీ తెల్లోళ్ళు లండన్ ఎత్తుకుపోయారు అనేది ఒట్టి వాట్సాప్ కబురు. మన తెగల మీద పనిచేసిన పరిశోధకుడు హైమెండార్ఫ్ ఫొటోలు, కాగితాలు లండన్‌లోని సోయాస్ యూనివర్సిటీలో ఉన్నమాట నిజమే గానీ, మద్రాసు ప్రభుత్వ ఫైళ్ళు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, నిజాం నాటివి హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో. ఉర్దూ, ఫార్సీ చదివిపెట్టేవాళ్ళని ఒకళ్ళని స్నేహం చేసుకోండి.

అన్నీ నెట్‌లో దొరుకుతాయి అంటారా, స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లిష్‌లో ఎంత అడ్డదిడ్డంగా ఎక్కించారో చూస్తే మీరే దణ్ణం పెడతారు. థీసిస్‌లకైతే మన యూనివర్సిటీల పీహెచ్‌డీలు పెట్టే శోధ్‌గంగ సైట్ మంచిదే.

పాత పుస్తకంలో ఉంది కాబట్టి నిజం అనుకోవద్దు. 1909 నాటి థర్‌స్టన్ ఏడు వాల్యూములూ జనాల ముక్కులు, తలలు కొలిచి రాసిన బాపతు, అప్పటి ఆఫీసర్లు ఎలా చూశారో తెలుసుకోడానికి చదవండి.

ఆ సవర అమ్మాయి టాపిక్ మార్చుకోలేదు. ఎల్విన్‌ని రెన్యూ చేసుకోడానికి వచ్చినప్పుడు చూస్తే పుస్తకం నిండా చిన్న చిన్న చీటీలు, గోడ బొమ్మల గురించి ఉన్న పేజీలో చీటీ మీద "మా ఊళ్ళో ఇలా వెయ్యరు, అమ్మమ్మని అడగాలి" అని రాసి ఉంది.