మూడింటి ఎండ, తొమ్మిదింటి ఎండ

మే నెలలో వరంగల్‌లో ఎవరిని అడిగినా మధ్యాహ్నం మూడింటి ఎండే చంపుతుందని చెప్తారు. వేడి సంగతి అయితే అది నిజమే. పొద్దున్నుంచి కాగిన నేల, గోడలు, తారు రోడ్లు గాలిని ఇంకా వేడెక్కిస్తూనే ఉంటాయి కాబట్టి రోజులో ఎక్కువ ఉష్ణోగ్రత రెండున్నర తర్వాతే నమోదవుతుంది. కానీ చర్మాన్ని, కళ్లను దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలకు, అంటే యూవీకి, గాలి వేడితో పని లేదు. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదే వాటికి ముఖ్యం. నడినెత్తిన ఉంటే కిరణాలు ఓజోన్ పొరను నిలువునా, తక్కువ దూరంలో దాటి వస్తాయి. పక్కకు వాలితే ఎక్కువ ఓజోన్ గుండా రావాలి, దారిలోనే చాలావరకు ఆగిపోతాయి.

మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. వరంగల్ దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమరన ఉంది. అందుకే మే నెలలో ఇక్కడ అసలైన మిట్టమధ్యాహ్నం 12 దాటి ఏడెనిమిది నిమిషాలకు వస్తుంది. యూవీ ఎక్కువగా ఉండేది ఆ సమయంలోనే. అక్కడి నుంచి వెనక్కి, ముందుకు సమానంగా లెక్కపెట్టి చూడండి. ఆకాశం ఒకేలా ఉంటే పొద్దున తొమ్మిదింటి యూవీ, మధ్యాహ్నం మూడుంబావు యూవీ ఒకటే! మూడుంబావుకు రామగుండంలో జనం తలుపులు వేసుకుని కూర్చుంటారు. తొమ్మిదింటికి ఏమీ కానట్టు పనులకు బయల్దేరతారు.

ఉపాధి పనికి వెళ్లేవాళ్లు వేడికి భయపడి పదకొండింటికల్లా ఇల్లు చేరతారు. వడదెబ్బ నుంచి కాచుకోవడానికి అది సరైన పద్ధతే. అయితే తొమ్మిది నుంచి పదకొండు దాకా వాళ్లు మోసేది తక్కువ యూవీ కాదు. సాయంత్రం ఐదింటికి గాలి ఇంకా నలభై డిగ్రీల దగ్గరే ఉన్నా, యూవీ మాత్రం దాదాపు లేనట్టే.

ఈ తీవ్రతను చెప్పే అంకె యూవీ ఇండెక్స్. 1992లో కెనడాలో మొదలైంది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి అన్ని దేశాలకూ ఒకే కొలత పెట్టాయి. 2 వరకు భయం లేదు. 3 నుంచి జాగ్రత్త కావాలి, 8 నుంచి చాలా ఎక్కువ, 11 ఆపైన తీవ్రం. 5 ఉన్నప్పుడు గంటలో తగిలే మోతాదు 10 ఉన్నప్పుడు అరగంటలోనే తగులుతుంది. ఫోన్‌లోని వాతావరణం యాప్ చాలావరకు ఈ అంకె చూపిస్తుంది. ఫోన్ లేకపోతే నీడ చూసుకోండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీలు దాటాడని అర్థం, నెత్తికి ఏదైనా కప్పుకోవాల్సిందే. మే మధ్యలో వరంగల్‌లో నీడ మనిషి ఎత్తుకు వచ్చేది సరిగ్గా తొమ్మిది ప్రాంతంలోనే.

వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒకటి మే రెండో వారంలో, ఇంకోటి జూలై ఆఖరులో. మొదటిది అందరికీ తెలుసు. రెండోసారి వచ్చేసరికి వానలు పడి, గాలి చల్లబడి, పొలాల్లో నాట్లు నడుస్తుంటాయి. పలుచని మబ్బు యూవీని పెద్దగా ఆపదు. మబ్బు విడిచిన గంటలో నడుం వంచి నాటు వేసే ఆడవాళ్ల వీపు మీద, మెడ మీద పడేది మే నెల స్థాయి యూవీయే. చలికాలం ఆఖర్లో వచ్చే మేడారం జాతర రోజులదీ ఇదే కథ. ఎండ హాయిగా ఉందనిపిస్తుంది కానీ, ఆకాశం తేటగా ఉంటే మిట్టమధ్యాహ్నం ఇండెక్స్ 8 దాటగలదు.

ఏం కప్పుకోవాలన్న దగ్గర చిన్న చిక్కుంది. వేడికి తెల్ల బట్ట మంచిది. యూవీకి మాత్రం పలుచని తెల్ల నూలు బట్ట సరిపోదు, చెమటకు తడిస్తే ఇంకా ఎక్కువ లోపలికి వదులుతుంది. ఒత్తుగా నేసిన బట్ట, ముదురు రంగుదైతే ఇంకా మేలు. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, అవతలి వెలుగు కనిపిస్తే యూవీ కూడా వస్తుంది. వదులుగా కుట్టించుకుంటే వేడి బాధ కొంత తగ్గుతుంది. సన్‌స్క్రీన్ పనిచేస్తుంది, కానీ మందంగా రాసి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య రోజంతా నిలబడేవాళ్లకు అది చెప్పి లాభం లేదు, తలపాగా, నిండు చేతుల చొక్కానే నయం.

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ, దానివల్ల చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవాళ్లకంటే బాగా తక్కువ. ఇది విని చాలామంది ధీమా పడతారు. కంటికి అంత రక్షణ లేదు. ఏళ్ల తరబడి యూవీ తగిలితే శుక్లాలు వచ్చే ముప్పు పెరుగుతుంది. తెల్లగుడ్డు మీద కండలా పెరిగి నల్లగుడ్డు మీదికి పాకే జబ్బు కూడా ఎండలో పనిచేసేవాళ్లకే ఎక్కువ. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు ముఖమంతా స్కార్ఫ్ చుట్టుకుని కళ్లు మాత్రం వదిలేస్తారు. కొనాల్సింది నల్లటి అద్దాలు కాదు, యూవీ 400 అని రాసి ఉన్న అద్దాలు. రంగు నల్లగా ఉండి యూవీ ఆపని అద్దాల వెనక కంటిపాప పెద్దదై ఇంకా ఎక్కువ కిరణాలు లోపలికి పోతాయి.