జారే బండి, జారని నేల

1987 వేసవిలో మా పెద్దమామయ్య ఓడ దిగి వచ్చి, పెట్టెలోంచి ఒక ఎర్ర బండి తీశాడు. మా అమ్మవాళ్లది ఉద్దానం వైపు. అక్కడ చాలామంది ఓడ ఉద్యోగాల్లో ఉన్నారు కాబట్టి పెట్టెలోంచి టేప్‌రికార్డరో సెంటు సీసానో రావడం మామూలే. ఈ బండి మాత్రం మేము ఎప్పుడూ చూడనిది. పొడవు మూరెడుకి కాస్త తక్కువ. వెనక చక్రాలు లావు, ముందు చక్రాలు సన్నం. చేతిలో పట్టుకునే రేడియో పెట్టెకి గజం పొడవు ఏరియల్. జపాన్‌లో కొన్నాడట. బగ్గీ అంటారని చెప్పాడు.

శ్రీకాకుళంలో మా ఇంటికి నాగావళి దగ్గరే. నీళ్లు తగ్గి ఇసుక తేలగానే సాయంత్రాలు అక్కడికి పట్టుకెళ్లేవాళ్లం. మలుపు తిప్పితే తోక పక్కకి జారేది, ఇసుక చిమ్మేది, మళ్లీ సర్దుకుని పరిగెత్తేది. ఆ రెండు వేసవులూ అది పల్టీ కొట్టిన గుర్తు నాకు లేదు.

ముప్ఫై ఏళ్లకి పైగా అటక మీద ఇనప పెట్టెలో ఉన్న ఆ బండిని కిందటి సంక్రాంతి తరువాత బాగుచేశాను. మా మేనల్లుడు, వాడి స్నేహితులు బైపాస్ పక్కన ఒక బాక్స్ క్రికెట్ టర్ఫ్‌ని ఉదయం పూట అద్దెకి తీసుకుని, ప్లాస్టిక్ గొట్టాలతో మలుపులు, ప్లైవుడ్‌తో ఎగుడు దిమ్మలు పెట్టి రేసులు నడుపుతున్నారు. ఇలాంటి కృత్రిమ గడ్డి, కార్పెట్ ట్రాకులే ఇప్పుడు యూరప్ దేశాల్లో పోటీలకి ఎక్కువగా వాడుతున్నారు. నా బండి మొదటి మలుపులోనే పల్టీ కొట్టింది. రెండో మలుపులోనూ అంతే. మావాడి కొత్త బగ్గీ దీనికి రెట్టింపు వేగంతో అదే మలుపు తిరిగి, నేలకి అంటుకున్నట్టు వెళ్లిపోతోంది.

నెమ్మదిగా వెళ్లే బండి ఎందుకు పడుతుంది? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గడ్డి మోపులు ఎత్తుగా వేసిన ఎడ్లబండి గట్టు మీద ఒరగడం చూసినవాళ్లకి సగం జవాబు తెలుసు. బరువంతా ఒక బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేస్తాం, అదే గరిమనాభి. అది ఎంత ఎత్తున ఉంటే, చక్రాల మధ్య దూరం ఎంత తక్కువైతే, బండి అంత తేలిగ్గా ఒరుగుతుంది. మిగతా సగం జవాబు నేలలో ఉంది. మలుపులో బండిని పక్కకి తిప్పే బలం టైరుకీ నేలకీ మధ్య పట్టు నుంచే రావాలి. ఆ పట్టు తక్కువైతే టైరు జారుతుంది, బండి నిలబడే ఉంటుంది. పట్టు ఎక్కువైతే టైరు జారదు, పైనున్న బరువు మాత్రం ముందు దారిలోనే పోవాలని చూస్తుంది. అప్పుడు పల్టీ తప్పదు. ఇసుకలో నా బండిని కాపాడింది దాని జారుడే.

దీన్ని ఇంట్లో కొలవొచ్చు. ఒక చెక్క పలక, ఫోనులో కోణం చూపించే యాప్ చాలు. పలక మీద బండిని అడ్డంగా పెట్టి, కింది వైపు టైర్లు జారకుండా సన్నని పట్టీ కొట్టి, పలకని మెల్లగా ఎత్తాలి. నా బండి సుమారు 53 డిగ్రీల దగ్గర ఒరిగింది. ఆ కోణానికి టాంజెంట్ 1.33. బండి వెడల్పులో సగం 10.5 సెంటీమీటర్లు. దాన్ని 1.33తో భాగిస్తే 7.9 వస్తుంది. అంటే గరిమనాభి నేల నుంచి దాదాపు 8 సెంటీమీటర్ల ఎత్తున ఉందన్నమాట. బండిని విప్పకుండా, తూకం వేయకుండా దాని లోపలి రహస్యం ఒకటి తెలిసిపోయింది. పదో తరగతి పిల్లలకి టాంజెంట్ ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించదు.

తరువాత పట్టీ తీసేసి, పలక మీద నది ఇసుక జల్లి మళ్లీ ఎత్తాను. 31 డిగ్రీల దగ్గరే బండి జారిపోయింది. టాంజెంట్ 0.6. ఇది ఘర్షణ గుణకం. ఒరగడానికి 1.33 కావాలి, ఇసుక ఇచ్చేది 0.6 మాత్రమే. చివరగా టర్ఫ్ ముక్క అంటించి, మావాడి దగ్గర తీసుకున్న ముళ్ల టైర్లు తొడిగి ఎత్తితే, బండి అసలు జారలేదు. అలాగే ఒరిగి పడింది. ఘర్షణ గుణకం ఒకటి దాటదని చాలామంది బడి రోజుల నుంచి నమ్ముతారు. అలాంటి నియమమేమీ లేదు. మెత్తని రబ్బరు ముళ్లు గడ్డి పోగుల మధ్య దిగి దువ్వెన పళ్లలా చిక్కుకుంటే అది ఒకటిని సులువుగా దాటుతుంది. నడిచే బండిలో పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే స్ప్రింగుల మీద ఒళ్లు పక్కకి వాలి బరువు బయటికి జరుగుతుంది.

ఈ బండ్లు పుట్టిన కాలం గుర్తుచేసుకుంటే ఇది వాటి తప్పు కాదని తెలుస్తుంది. జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా కంపెనీ 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బగ్గీలు తెచ్చింది. 1983లో ఫ్రాగ్, 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ వచ్చాయి. మన మాటల్లో కప్ప, మిడత, కందిరీగ. అదే 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ వాళ్ల ఆర్‌సీ10 వచ్చింది. అల్యూమినియం అడుగు, స్ప్రింగు ఊగడాన్ని ఆపే నూనె డంపర్లు ఉన్న ఆ బండి ఆటవస్తువుకీ పోటీ యంత్రానికీ మధ్య గీత గీసింది. వీటన్నిటికీ నేల అంటే మట్టి, ఇసుక, ఖాళీ స్థలం. మోటారు వెనక ఇరుసు మీద వేలాడేది. జారే నేల మీద, తిప్పే చక్రాల మీదే బరువు ఉండాలి కాబట్టి అది సరైన ఆలోచన. నేటి పట్టున్న ట్రాకుల బగ్గీల్లో మోటారు మధ్యకి వచ్చేసింది. బరువు మధ్యలో ఉంటే బండి చురుగ్గా తిరుగుతుంది, వెనక్కి అంత బరువు అవసరమూ లేదు.

కొత్త బగ్గీని విప్పి చూసినప్పుడు నాకు తట్టింది ఇది: నేల నుంచి పోయిన జారుడుని ఇంజినీర్లు బండి లోపలికి తెచ్చి పెట్టారు. ఇసుకలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కితే చక్రాలు ఊరికే తిరిగి దెబ్బని మింగేసేవి. టర్ఫ్ మీద ఆ దెబ్బంతా గేరు పళ్ల మీద పడుతుంది. అందుకే కొత్త బండిలో స్లిప్పర్ క్లచ్ ఉంటుంది. ఒక స్ప్రింగు రెండు పలకలని నొక్కి పెడుతుంది. హద్దు దాటిన బలం వస్తే ఆ పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయి, గేర్లు బతుకుతాయి. ఆ కాలపు చాలా బండ్లలో ఇది లేదు. నా గేరుపెట్టె విప్పితే గడ్డకట్టిన గ్రీజులో నాగావళి ఇసుక రేణువులు ఇంకా మెరుస్తున్నాయి. పళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

డంపర్ల సంగతీ అంతే. గ్రాస్‌హాపర్ వంటి తక్కువ ధర బండ్లలో స్ప్రింగు ఊగడాన్ని ఆపడానికి నూనె లేదు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకునే ఘర్షణే ఉండేది. నా బండి ముందు వైపూ అదే పద్ధతి. పొడి ఘర్షణ వేగాన్ని పట్టించుకోదు. చిన్న గతుకు వస్తే కదలకుండా బిగుసుకుంటుంది, పెద్ద దెబ్బ వస్తే చాలదు. నూనె వేరు. నదిలో చేతిని మెల్లగా కదిపితే నీళ్లు దారిస్తాయి, అరచేత్తో గట్టిగా కొడితే చురుక్కుమంటుంది. డంపరులో పిస్టన్ కన్నాల గుండా నూనె దూరేటప్పుడు జరిగేది ఇదే. వేగం పెరిగితే అడ్డూ పెరుగుతుంది. మరి ఇసుకలో పొడి ఘర్షణ ఎలా సరిపోయింది? ఇసుకే డంపరు. చక్రం దిగిన చోట లక్షల రేణువులు ఒకదాన్నొకటి రాసుకుంటూ దెబ్బ శక్తిని వేడిగా మార్చేస్తాయి. ప్లైవుడ్ దిమ్మ ఆ పని చేయదు. నా బండి దిగి, ఎగిరి, మళ్లీ దిగింది.

ఈ ఎగరడం గురించి ఒక మాట. ఇవి నిజం కారుకి పదో వంతు బండ్లు. గంటకి 30 కిలోమీటర్లు వెళ్తే నిజం కారుకి 300తో సమానమని కొందరు గొప్పగా చెబుతారు. అది సరి కాదు. పొడవు పదో వంతు చేశాం గాని, భూమి ఆకర్షణని పదో వంతు చేయలేదు. నిజం కారు 4 మీటర్ల నుంచి పడటానికి సుమారు 0.9 సెకను పడుతుంది. బగ్గీ 40 సెంటీమీటర్ల నుంచి పడటానికి 0.29 సెకను. తేడా పది రెట్లు కాదు, పదికి వర్గమూలం, అంటే 3.16 రెట్లు. వేగాన్నీ దానితోనే గుణించాలి. 30 కిలోమీటర్లు దాదాపు 95తో సమానం. బగ్గీ గెంతే వీడియోని మూడు రెట్లు నెమ్మదిగా చూస్తే అచ్చం నిజం కారులా కనిపించేది ఇందుకే. నడిపేవాడికి మాత్రం ఆలోచించే సమయం మూడో వంతే. టెన్షన్ అంతా అక్కడే.

ఆ 0.29 సెకనులో కూడా చేయగలిగింది ఒకటుంది. గాలిలో ఉండగా యాక్సిలరేటర్ నొక్కితే చక్రాలు వేగంగా ముందుకి తిరుగుతాయి, దానికి ప్రతిగా బండి ఒళ్లు వెనక్కి తిరిగి ముక్కు లేస్తుంది. బ్రేకు వేస్తే ముక్కు దిగుతుంది. కోణీయ ద్రవ్యవేగం మొత్తం మారకూడదు కాబట్టి చక్రం పొందింది ఒళ్లు తిరిగి ఇవ్వాలి. నా బండిలో పాతకాలపు మెకానికల్ స్పీడ్ కంట్రోలర్‌తో ఇది కుదరలేదు. అందులో ఒక సర్వో, అంటే రేడియో చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటారు, దాని చెయ్యి రాగి మెట్ల మీద కదులుతుంది. నెమ్మదిగా వెళ్లాలంటే మిగిలిన విద్యుత్తు ఒక తీగచుట్టలో వేడై పోవాలి. ఉన్నవి మూడు మెట్లే. దాన్ని భద్రంగా తీసి దాచి, ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టాను. అది విద్యుత్తుని సెకనుకి వేలసార్లు ఆపి, ఇచ్చి, ఎంత కావాలంటే అంత పంపుతుంది. మోటారు మాత్రం పాత బ్రష్ మోటారే.

పాత కంట్రోలర్ ఉంచుకునేవాళ్లు లిథియం పాలిమర్ బ్యాటరీ దగ్గరికి పోకండి. ఆ బ్యాటరీ ఒక్కో సెల్ 3 వోల్టుల కిందకి పడితే పాడవుతుంది, తరువాత చార్జింగ్‌లో మంట అంటుకునే ప్రమాదం ఉంది. పాత కంట్రోలర్‌కి ఎక్కడ ఆపాలో తెలియదు. ఆరు సెల్‌ల 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ చాలు.

రేడియో మార్చడం మరీ తేలిక. పాతది 27 మెగాహెర్ట్‌జ్, తరంగం పొడవు 11 మీటర్లు, అందుకే ఆ గజం ఏరియల్. ఏ ఫ్రీక్వెన్సీ మీద నడవాలో నిర్ణయించే చిన్న ముక్క క్రిస్టల్. ఒకే క్రిస్టల్ ఉన్న ఇద్దరు ఒకేసారి నడిపితే రెండు బండ్లూ వెర్రెత్తిపోయేవి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం 12.5 సెంటీమీటర్లే, వేలెడు తీగ సరిపోతుంది.

ప్లాస్టిక్ గురించి భయపడ్డాను గాని, మన తీరం గాలి ఒక మేలు చేసింది. చక్రాలని పట్టుకునే చేతులు, ఇరుసు పట్టీలు నైలాన్. నైలాన్ గాలిలోని తేమ పీలుస్తుంది. నీటి అణువులు దాని పొడవాటి గొలుసుల మధ్య చేరి, అవి ఒకదాని మీద ఒకటి కాస్త జరిగేలా చేస్తాయి. అందుకే తేమ తిన్న నైలాన్ వంగుతుంది, పొడి నైలాన్ పుటుక్కుమంటుంది. చూడండి, ఇక్కడా జారుడే. కవరులోంచి తీసిన కొత్త నైలాన్ ముక్కలని మరిగే నీళ్లలో వేసి వాడటం ఈ ఆటలో పాత అలవాటు. మా వంటింట్లో ఒక గిన్నె ఇప్పుడు దానికే. అడుగు భాగం ఏబీఎస్ అనే ప్లాస్టిక్. దానికి ఎండ పడదు. అందులోని రబ్బరు భాగాన్ని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి పెళుసు చేస్తాయి. ఇనప పెట్టె చీకటి దాన్ని కాపాడింది.

ఇక పల్టీ సంగతి. బ్యాటరీని పడుకోబెట్టి కిందకి దించాను. డంపర్ల లోపల చిన్న గొట్టం ముక్కలు వేసి బండి ఎత్తు తగ్గించాను, అడుగున ఇత్తడి పలక బిగించాను. పలక పరీక్షలో 53 డిగ్రీలు 56 దాటింది. గరిమనాభి ఒక సెంటీమీటరు దిగింది. అయినా మలుపులో బయటి ముందు చక్రం పట్టేసుకుంటోంది.

"మామయ్యా, టైరు పక్కగోడకి జిగురు పుయ్యి. కార్పెట్ మీద అందరూ అదే చేస్తారు" అన్నాడు మావాడు.

ముళ్ల టైర్లు తీసేసి, బండితో వచ్చిన గీతల టైర్లే ముందు చక్రాలకి తొడిగాను. వాటి రబ్బరు ఇన్నేళ్లలో ఎలాగూ గట్టిపడింది. బయటి గోడల చుట్టూ ఫెవిక్విక్ లాంటి జిగురు పలచగా పూసి ఆరబెట్టాను. ఆరాక అక్కడ రబ్బరు గాజులా నునుపైంది. బండి వాలినప్పుడు నేలకి తగిలేది ఆ అంచే, అది గడ్డిని పట్టుకోదు, జారుతుంది. పలక మీద పెడితే 48 డిగ్రీలకే జారింది, ఒరగలేదు.

ఆదివారం పొద్దున్న ఐదు నిమిషాలు నడిపాను. మావాడి బండి నన్ను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టలేదు. ప్రతి మలుపులోనూ తోక పక్కకి జారింది, సర్దుకుంది, పరిగెత్తింది. ఒక్కసారి కూడా పల్టీ కొట్టలేదు. నాగావళిలో చూసిన నడకే అది. నా కళ్లు చెమ్మగిల్లాయి.

"నీళ్లు తగ్గాక నదికి పట్టుకెళ్దాం మామయ్యా. నా బండికి నీ వెనక టైర్లు కావాలి, ఈ ముళ్లు ఇసుకలో పనికిరావు" అన్నాడు మావాడు. నా పాత చక్రం రంధ్రం వాడి బండి ఆరుమూలల నట్టుకి సరిపోదు. మధ్యలో పెట్టడానికి 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క ఒకటి కావాలి. కొలతలు గీసి లేత్ షాపులో ఇచ్చాను, బుధవారం రమ్మన్నారు.