క్షమిస్తే కేసు వదిలేసుకోవాలా? మీడియేషన్ రూమ్‌లో రోజూ వినే అపోహలు

నేను జిల్లా కోర్టులో ఫ్యామిలీ కేసులు చూసే అడ్వకేట్‌ని, మీడియేషన్ సెంటర్లో (ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడించి రాజీ కుదిర్చే చోట) మీడియేటర్‌గా కూడా కూర్చుంటా. మా దగ్గరికి వచ్చే చాలామందికి సెక్షన్లు, వాయిదాలు అసలు సమస్యే కాదు, వాళ్ళని తినేసేది వేరే. ప్రేమ ఉంటే క్షమించాలి కదా, క్షమించాక ఇంక న్యాయం అడగకూడదు కదా, అడిగితే ప్రేమ లేనట్టే కదా, అని. ఈ లెక్కలో ఎప్పుడూ నష్టపోయేది ఇంట్లో మెతకగా ఉండేవాళ్ళే, అది కోడలు కావచ్చు, ముసలి తల్లి కావచ్చు. అందుకే ఎక్కువగా వినపడే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: "మనసులో క్షమించేశాను, ఇంకా మెయింటెనెన్స్ కేసు నడపడం పాపం."

వాస్తవం: క్షమించడానికి ఏ జడ్జి పర్మిషనూ అక్కర్లేదు, ఇవాళ రాత్రి పడుకునే ముందు క్షమించేయొచ్చు. కానీ మెయింటెనెన్స్ అనేది పగ తీర్చుకోవడం కాదు, బతకడానికి కావాల్సిన డబ్బు. ఒకావిడ భర్త ఎదురుగానే చాలా మామూలుగా చెప్పింది, "ఆయన మీద కోపం పోయింది మేడమ్, పాల బిల్లు పోలేదు" అని. ఆ మాటకి ఆయన కూడా నవ్వేశాడు, ఆ రోజు పని చాలా తేలికైంది.

అపోహ: "నేను వద్దనుకుంటే 498ఎ కేసు ఆ రోజే అయిపోతుంది."

వాస్తవం: అయిపోదు. 498ఎ అంటే భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద పెట్టే కేసు, 2024 జూలై నుంచి కొత్త కేసులు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 కింద వస్తున్నాయి. చాలా రాష్ట్రాల్లో అయితే ఈ సెక్షన్లో రాజీకే వీల్లేదు, హైకోర్టుకెళ్ళి కొట్టేయించుకోవాలి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చట్టం సవరించి, కోర్టు అనుమతితో రాజీ పడొచ్చన్నారు, అయితే రాజీ అడిగిన రోజు నుంచి కనీసం 3 నెలలు ఆగాలి, ఈలోగా ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఒప్పుకోవాలి అని అందులో పెట్టారు. పాత 498ఎ కేసుల్లో ఈ 3 నెలలు చూసి అందరూ విసుక్కునేవాళ్ళు, నాకు మాత్రం ఇది రాసినవాళ్ళు ఇళ్ళల్లో జరిగేది ఎరిగినవాళ్ళే అనిపిస్తుంది. అత్తింటివాళ్ళు వచ్చి కూర్చుని, పుట్టింటివాళ్ళు పరువు పరువు అని, ఆ వేడిలో "సరే క్షమించాను" అన్న మాట వారం తిరిగేసరికి అదే మాటగా ఉంటుందో లేదో ఎవరికి తెలుసు.

అపోహ: "ఒకసారి క్షమించి కాపురానికి వెళ్తే పాతవన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ నోరెత్తే హక్కు ఉండదు."

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదం. హిందూ వివాహ చట్టం సెక్షన్ 23 ప్రకారం, క్రూరత్వం కారణంగా విడాకులు అడిగేవాళ్ళు ఆ క్రూరత్వాన్ని అప్పటికే క్షమించేసి ఉంటే విడాకులు రావు. 1975లో దస్తానే కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమర్చి చెప్పింది. కేసు వేసింది భర్త. భార్య ప్రవర్తన క్రూరత్వమే అని కోర్టు ఒప్పుకుంది, కానీ అన్నీ తెలిసీ ఆమెతో కాపురం కొనసాగించావు కాబట్టి క్షమించినట్టే అంది, ఆయన ఓడిపోయాడు.

అక్కడితో ఆపేసి చదివితే భయమేస్తుంది. కానీ అదే తీర్పులో ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చట్టం దృష్టిలో క్షమించడం అంటే రెండు జరగాలి, తప్పుని మన్నించడం, అవతలి మనిషిని మళ్ళీ పాత స్థానంలో నిలబెట్టడం. పైగా ఆ క్షమాపణ ఎప్పుడూ ఒక షరతు మీదే ఉంటుంది, మళ్ళీ చెయ్యకూడదు అని. మళ్ళీ గట్టిగా అలాంటి పనే చేస్తే పాత తప్పులకి కూడా ప్రాణం వస్తుంది, వాటినీ కోర్టు ముందు పెట్టొచ్చు. ఈ షరతుని ఎవరూ విడిగా రాసుకోనక్కర్లేదు, దానంతటదే ఉంటుంది. తాగి కొట్టి తెల్లారి కాళ్ళు పట్టుకునే మొగుడికి ఈ పాయింట్ నేను నెమ్మదిగా, రెండుసార్లు చెప్తా. (అలాగని పిల్లల మొహం చూసి ఒకే కప్పు కింద ఉండిపోయిన ప్రతి ఆడమనిషీ క్షమించేసినట్టే అని వాదించే వకీళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకోసారి.)

అపోహ: "సారీ చెప్తే దొరికిపోతాం, రేపు కోర్టులో అదే వాడతారు."

వాస్తవం: మీడియేషన్‌లో మాట్లాడింది మామూలుగా జడ్జిగారికి చేరదు, సాక్ష్యంగా వాడుకోవడానికీ వీల్లేదు, 2023 మీడియేషన్ చట్టంలో కూడా ఇది స్పష్టంగా ఉంది, గృహహింస, పిల్లల మీద హింస, నేరం చేస్తానన్న బెదిరింపు లాంటి వాటికి మాత్రం అందులో మినహాయింపు ఉంది. సెటిల్ అయిందా లేదా అన్నదే మేం పంపేది. ఈ సంగతి తెలియక, సారీ ఒక్క మాటతో తేలిపోయే గొడవలు ఏళ్ళకేళ్ళు నడుస్తాయి.

అపోహ: "పెద్దమనుషుల్లో కూర్చుని స్టాంపు పేపర్ రాసుకున్నాం, ఇంక కోర్టెందుకు?"

వాస్తవం: పెద్దమనుషుల్ని నేను తక్కువ చెయ్యను, మాకంటే బాగా తేల్చేవాళ్ళున్నారు. కాకపోతే "సర్దుకుపో అమ్మా" అనే మాట భర్త వైపు ఎందుకు ఎప్పుడూ వెళ్ళదో నాకు అర్థం కాదు. ఆ కాగితం ప్రకారం అవతలివాళ్ళు నడుచుకోకపోతే మళ్ళీ దావా వేసుకోవాల్సిందే. అదే లోక్ అదాలత్‌లో రాజీ అయితే అక్కడిచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, కానీ దానిమీద అప్పీలు లేదు. కాబట్టి మొహమాటానికి సంతకం పెట్టే చోటు అది కాదు.

అపోహ: "చనిపోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు క్షమిస్తే మర్డర్ కేసు కూడా పోతుంది."

వాస్తవం: ఇది గల్ఫ్ కథల్లోంచి వచ్చింది. అక్కడ కుటుంబం క్షమాపణకి చట్టంలో చోటుంది, అయినా దుబాయిలో నేపాల్ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు, ఆ కుటుంబం క్షమించిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి జైల్లోనే ఉన్నారు, ఎక్కువమంది 2024లో ఇళ్ళకి చేరారు. మన దగ్గర హత్య అంటే సమాజం మొత్తం మీద జరిగిన నేరం, కుటుంబం రాజీ పడినా కేసు కొట్టెయ్యకూడదని 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గవర్నర్ క్షమాభిక్షకి కూడా హద్దుంది, 2006లో ఏపూరు సుధాకర్ కేసులో మన గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపునే కొట్టేశారు, కోర్టుకెళ్ళింది హతుడి కొడుకు.

అపోహ: "ఇల్లు కొడుక్కి రాసిచ్చేశాం, కన్నకొడుకు మీద కేసేంటి, ఇప్పుడింక చేసేదేం లేదు."

వాస్తవం: అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. ఈ కేసుల్లో తల్లి ఫైలు తియ్యకముందే అడిగే మొదటి ప్రశ్న "వాణ్ణి జైల్లో పెట్టరు కదమ్మా?" అనే. పెట్టరు. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్‌కి దరఖాస్తు చేస్తే, ముందు కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి కూడా ఆ చట్టంలోనే ఉంది, నెలకి 10,000 వరకు ఇప్పించొచ్చు. ఆర్డర్ వచ్చాక కూడా కావాలని కట్టకపోతేనే వారెంటు దాకా వెళ్తుంది. ఇదంతా విన్నాక కూడా కొందరు లేచి వెళ్ళిపోతారు, వాడికి చెడ్డపేరొస్తుందని. ఆ ప్రేమని నేను తప్పు పట్టను, కానీ వాడికి చెడ్డపేరు రాకుండా చూసుకోవాల్సిన బాధ్యత కూడా తల్లి మీదే ఎందుకు పడిందో ఒక్కసారి ఆలోచించమంటా.

ఇక రాసిచ్చిన ఇంటి సంగతి. ఇదే సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 ప్రకారం, చూసుకుంటాననే షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చెయ్యొచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. మన సెటిల్‌మెంట్ డీడ్‌లు (ఇంట్లోవాళ్ళకి ఆస్తి రాసిచ్చే పత్రాలు) తీసి చూడండి, "నీ యందు గల ప్రేమాభిమానములచే" అని మొదలుపెట్టి, హద్దులు, సర్వే నంబరు అన్నీ రాస్తారు, ముసలాళ్ళకి అన్నం ఎవరు పెడతారో మాత్రం ఉండదు. ఉత్త ప్రేమతో ఇచ్చినదైతే, షరతు ఉందని చూపించకపోతే రద్దు కుదరదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లి ఇల్లు తల్లికి ఇప్పించింది. అంటే పిల్లాడు ఒక కాగితమ్ముక్క మీద రాసినా పనికొస్తుంది, పారెయ్యకండి.

ఇంకా రాసివ్వనివాళ్ళు మాత్రం రిజిస్ట్రేషన్‌కి ముందే డీడ్‌లో ఒక పేరా వేయించుకోండి, బతికున్నన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటాం, తిండి, బట్ట, మందులు అన్నీ తీసుకున్నవాళ్ళే చూడాలి, చూడకపోతే ఈ దానం చెల్లదు, అని. డాక్యుమెంట్ రైటర్ "కన్నకొడుకే కదమ్మా, ఇదెందుకు" అంటాడు, పక్కన కొడుకు మొహం కాస్త మాడ్చుకుంటాడు కూడా, అయినా రాయించుకోండి. డబ్బుల్లేక వకీలుని పెట్టుకోలేని ఆడవాళ్ళయితే 15100కి (ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.