అడుగులకు అరిసెలు: బుజ్జి పిల్లల ఎదుగుదలపై అపోహలు - వాస్తవాలు

నేను పిల్లల డాక్టర్ని. ఉండేది హైదరాబాద్ నల్లకుంటలో. "కంగారు పడకండి, నడుస్తుంది లెండి" అని ఎదుటివాళ్లకు చెప్పడమే నా ఉద్యోగంలో సగం. మా బుజ్జిది పదమూడో నెల దాటినా గోడ వదలకపోయేసరికి మాత్రం, రాత్రి అది నిద్రపోయాక మోకాళ్లు కదిపి చూసింది కూడా నేనే. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "డాక్టరు గారూ, ఫీజు ఎంతండీ?" అంది. ఇప్పుడు దానికి ఇరవై నెలలు. ఓపీలో రోజూ వినేవి, ఇంట్లో మావాళ్ల నోటి వెంట కూడా విన్నవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఏడాది నిండేసరికి నడవాలి.

వాస్తవం: నడవచ్చు, నడవకపోనూవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు వెల్లడించింది. సాయం లేకుండా నడవడం 8 నెలలు దాటగానే మొదలైన పిల్లలున్నారు, 17 నెలలు దాటాక మొదలైన వాళ్లూ ఉన్నారు. అందరూ మామూలు పిల్లలే. 18 నెలలకూ నడవకపోతే చూపించండి. ఒక కాలు ఈడుస్తున్నా, ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటున్నా అంతవరకూ ఆగొద్దు.

మన పెద్దవాళ్ల దగ్గరా ఒక చార్టు ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తుంది గానీ, ఇన్నో నెలకి అని అందులో ఎక్కడా లేదు. పిల్ల ఎప్పుడు చేస్తే అప్పుడే పొయ్యి మీద మూకుడు. నా గోడకు వేలాడే చార్టు కంటే అదే నయమని ఆ నెలల్లో చాలాసార్లు అనిపించింది.

పదిహేనో నెలలో ఒక ఆదివారం. నేను నేలమీద కూర్చుని పేపర్ చదువుతున్నాను. మా పిల్ల వంటింట్లోంచి చిల్లుల గరిటె ఈడ్చుకొచ్చి, సోఫా పట్టుకుని లేచి నిలబడింది. గరిటె నాకివ్వాలని తోచినట్టుంది. బరువని రెండు చేతులతో పట్టుకుంది. అంటే సోఫా వదిలేసింది. ఆ సంగతి దానికి తెలీదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గరిటె నా ఒళ్లో పడేసి, అప్పుడు కిందకి చూసుకుని చతికిలబడింది. నేను పేపర్‌తో మొహం దాచుకున్నాను, ఎందుకో చెప్పను.

ఆ వారమే మా అత్తయ్యగారు అరిసెలు వండారు. వరసగా పరిచి వాటిమీద నడిపిద్దామని అందరం ఫోన్లు పట్టుకుని సిద్ధమయ్యాం. మా పిల్ల మొదటి అరిసె దగ్గరే కూర్చుని దాన్ని తీసి కొరికింది.

అపోహ: పాకకుండా నడిచేస్తే ఏదో లోపం.

వాస్తవం: ఆ లెక్కల్లోనే నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. కొందరు కూర్చునే జరుగుతారు.

అపోహ: వాకర్‌లో కూర్చోబెడితే త్వరగా నడక వస్తుంది.

వాస్తవం: రాదు. అందులో పిల్ల మునివేళ్లతో నేలని తన్నుతుందే గానీ బరువు నిలుపుకోవడం నేర్చుకోదు. పైగా మెట్ల మీంచి దొర్లడం, వేడి టీ కప్పు అందుకోవడం. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మా నాన్న ముచ్చటపడి ఒకటి కొనుక్కొచ్చారు. వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడది బాల్కనీలో ఉల్లిపాయల బుట్టకు ఆధారం.

అపోహ: "వాళ్ల నాన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు. మాటలు అవే వస్తాయి."

వాస్తవం: నన్ను బాగా భయపెట్టే మాట ఇదే. నడక విషయంలో ఆగమని చెప్పే నేనే మాటల విషయంలో ఆగొద్దంటాను. ఏడాదికల్లా "తాతాతా, బాబాబా" లాంటి ఊసులు, 16 నెలలకు ఒక్కటైనా అర్థమున్న మాట, రెండేళ్లకు "నాన్న దా", "బువ్వ వద్దు" లాంటి జంట మాటలు రావాలి. రాకపోయినా, వచ్చిన మాటలు ఆగిపోయినా, ముందు చెవులు పరీక్ష చేయించాలి. "తలుపు చప్పుడుకి తిరుగుతుందండీ" అంటారు. పెద్ద చప్పుడు వినిపించి, మెల్లగా పలికిన అక్షరాలు వినబడని పిల్లలుంటారు. తరచూ జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరినా అంతే. బెరా అని ఒక పరీక్ష ఉంది, పిల్ల నిద్రలో ఉండగానే చేస్తారు.

ఆడపిల్లలు తొందరగా మాట్లాడతారన్నది సగటున కొంత నిజమే. తేడా నెలల్లోనే, ఏళ్లలో కాదు. కాబట్టి "మగపిల్లాడు కదా" అని ఊరుకోవడానికి లేదు.

వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలొస్తాయని మా మేనత్త నమ్మకం. వసపిట్ట అనే మాట ఎంత ముద్దుగా ఉన్నా, నాకు తెలిసిందల్లా అది నాకించాక వాంతులతో వచ్చిన పిల్లలు. అమెరికాలో 1968 నుంచే ఆహారంలో వస వాడకూడదు.

ఇంకొకటి, రెండు భాషలైతే పిల్ల తికమకపడుతుందని. హైదరాబాద్‌లో ఒక్క భాషే వింటూ పెరిగే పిల్ల ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో మేం తెలుగు, సాయానికి వచ్చే ఆవిడ ఉర్దూ. మా పిల్ల నాతో "నీయు" అంటుంది, ఆవిడతో "పానీ" అంటుంది. ఎవరిని ఏమని అడిగితే నీళ్లొస్తాయో దానికి తెలుసు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండూ కలిపి లెక్కపెట్టండి. కుక్కని చూసి ప్రతిసారీ "బౌబౌ" అంటే అదీ మాటే, జేజి అదీ మాటే.

అపోహ: ఫోన్ చూసే ఏబీసీడీలు నేర్చేసింది, మహా చురుకు.

వాస్తవం: అప్పజెప్పడం వేరు, మాట్లాడటం వేరు. "ఏ ఫర్ యాపిల్" గడగడా చెప్పి, ఆకలేస్తే మాత్రం ఏడుపు తప్ప మాట రాని పిల్లల్ని వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తాను. రెండేళ్లలోపు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ పిల్లకు బదులివ్వదు, అదీ చిక్కు. అమెరికాలో ఉన్న బాబాయితో వీడియో కాల్ వేరే సంగతి, అవతల జవాబిచ్చే మనిషి ఉన్నాడు.

అపోహ: ఏడాది దాటాక తిండి మానేసింది.

వాస్తవం: 3 కిలోలతో పుట్టి ఏడాదికి 9 అయిన పిల్ల, రెండో ఏడు మొత్తానికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఆకలీ అంతే. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి, బువ్వకు చోటు ఉంటుంది.

అపోహ: ఇవన్నీ తల్లికి తెలుస్తాయి, నాన్నకేం తెలుసు?

వాస్తవం: ఓపీలో "పాప వేలు పెట్టి చూపిస్తుందా?" అని అడుగుతాను. నాన్నలు వెంటనే భార్య మొహం చూస్తారు. నేను ఆ ప్రశ్న మళ్లీ నాన్ననే అడుగుతాను. అది అంత ముఖ్యమైన ప్రశ్న. కావాల్సినదాన్ని చూపించి అడగడం ఒకటి. "చూడు నాన్నా, అదిగో" అని ఊరికే చూపించి, నువ్వూ చూశావా లేదా అని వెనక్కి తిరిగి నీ మొహం చూడటం ఇంకొకటి. రెండోది ఏడాది దాటిన కొన్నాళ్లకు వస్తుంది. 18 నెలలకూ లేకపోతే, పిలిస్తే పలక్కపోతే, ఆలస్యం చేయకుండా చూపించాలి. ప్రైవేటుకే వెళ్లాలని లేదు. ప్రభుత్వమే 2013 నుంచి పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద పిల్లలకు ఇలాంటి పరీక్షలు చేయిస్తోంది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది.

మా పిల్ల చూపుడు వేలికి ఈ మధ్య తీరికే లేదు. పొద్దున గ్రిల్ మీద పావురం, మధ్యాహ్నం ఫ్యాను, సాయంత్రం నేను చెప్పులు విప్పగానే నా వేలు పట్టుకుని ఇల్లంతా తిప్పుడు. నిన్న రాత్రి వంటింట్లో ఆపి ట్యూబ్‌లైట్ వైపు వేలెత్తింది. "బయ్యి" అంది. బల్లి. దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ దాన్ని చూసి, మళ్లీ నన్ను చూసింది. మా ఇంట్లో బల్లి అంటే భయపడేది నేనొక్కణ్ణే. ఆ సంగతి కూడా కనిపెట్టేసినట్టుంది, పకపకా నవ్వింది.