కడుపు నిండినా ఎదగని పిల్ల

మొన్న ఏప్రిల్‌లో వర్ధన్నపేట దగ్గర ఒక చెరువు కట్ట మీద గొర్రెలు కాసే పెద్దాయనతో కాసేపు కూర్చున్నాను. ఎనభై జీవాల మంద. తెల్లవారుజామునే పత్తి చేలల్లో, బీళ్లలో మేపుకొచ్చి, ఎండ ముదిరేసరికి కట్ట మీది తుమ్మ చెట్ల నీడకు తోలాడు. మందలో నాలుగైదు నెలల పిల్లలు ఇరవై దాకా ఉన్నాయి. పొట్టలు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి గానీ వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముక గుచ్చుకుంటోంది. "కాకా, మేత బాగానే దొరుకుతున్నట్టుంది కదా?" అన్నాను. "కడుపైతే నిండుతది బిడ్డా. పిల్లనే ఎదుగుతలేదు. శివరాత్రికి ఎంతున్నదో ఇప్పుడు గూడ గంతే ఉన్నది" అన్నాడు.

ఎండాకాలంలో ఉత్తర తెలంగాణ అంతటా మందల్లో కనిపించే సమస్య ఇదే. దీన్ని చాలామంది మేత కరువు అనుకుంటారు. మేత తక్కువ కావడం నిజమే. కానీ అసలు కరువు మాంసకృత్తులది.

పిల్లల పుట్టుక లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. మిరుగం దాటి వానలు పడి పచ్చిక మొలవగానే ఆడ గొర్రెలు ఒళ్లు చేసి ఎదకు వస్తాయి. చూలు కాలం ఐదు నెలలు. జూన్, జూలైలో కట్టినవి నవంబర్, డిసెంబర్‌లో ఈనుతాయి. అప్పుడు పుట్టిన పిల్ల సుమారు మూడు కిలోలు ఉంటుంది. తల్లికి ఇంకా కొంత పచ్చి దొరికే రోజులు కాబట్టి పాలకు లోటుండదు. మూడు నెలలకు పిల్ల 12, 13 కిలోలకు చేరి తల్లి పాలు మానుతుంది. సరిగ్గా అప్పుడే, ఫిబ్రవరి, మార్చిలో, పచ్చిక ఎండిపోతుంది. ఎముక, కండ అన్నిటికంటే వేగంగా పెరగాల్సిన వయసు రోహిణి కార్తె ఎండల దాకా సాగే కరువు నెలల్లో పడుతుంది. వరంగల్ ప్రాంతంలో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలల్లో నేల మీద ఉండే గడ్డి రోజురోజుకూ పీచుగా మారిపోతుంది.

ఆ పీచును గొర్రె సొంతంగా అరిగించుకోలేదు. ఆ పని చేసేది దాని మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులు. గొర్రె గడ్డిని కొరికి, మింగి, నెమరువేసి మెత్తగా చేసి ఇస్తుంది. కోట్ల కోట్ల బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు దాన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలుగా మారుస్తాయి. గొర్రెకు కావాల్సిన శక్తిలో మూడింట రెండు వంతుల వరకు ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. అంతటితో అయిపోలేదు. ఆ సూక్ష్మజీవులు పెరిగి, కిందికి జారి, అసలు కడుపులోకి వచ్చి జీర్ణమవుతాయి. గొర్రె కండగా మారే మాంసకృత్తుల్లో పెద్ద భాగం ఈ సూక్ష్మజీవుల శరీరాలదే. కాబట్టి గొర్రెకు మేత వేయడమంటే ముందు ఈ సూక్ష్మజీవులకు మేత వేయడం.

వీటికి శక్తితో పాటు నత్రజని కావాలి. మేత పొడి బరువులో నూటికి ఏడు పాళ్ల కంటే మాంసకృత్తులు తగ్గితే ఇవి సరిగా పెరగవు. ఏప్రిల్ నాటి బీడు గడ్డిలో, వరిగడ్డిలో, జొన్న చొప్పలో ఉండేది మూడు నుంచి ఐదు పాళ్లు. దాంతో పులిసే వేగం తగ్గుతుంది. పీచు పొట్టలో ఎక్కువ సేపు ఉండిపోతుంది. పొట్ట ఖాళీ కాదు కాబట్టి ఆకలి పుట్టదు, జీవం ఇంకా తినదు. ఆ పెద్దాయన చూసిన ఉబ్బిన పొట్ట అరగని పీచుతో నిండిన పొట్ట. పైగా పొట్టలో నట్టలున్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి పేడ పరీక్ష చేయించి, నట్టల మందు పట్టించడం మేతకు ముందు చేయాల్సిన పని.

ఎండ ప్రాంతపు గొర్రెకు ప్రకృతి ఒక మంచి ఏర్పాటు చేసింది. మేతలో నత్రజని తగ్గినప్పుడు దాని మూత్రపిండాలు యూరియాను బయటకు పోనివ్వకుండా వెనక్కు తీసుకుంటాయి. ఆ యూరియా లాలాజలంలోంచి, రూమెన్ గోడలోంచి మళ్లీ సూక్ష్మజీవులకు చేరుతుంది. మనం వృథాగా వదిలే దాన్ని గొర్రె మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. పెద్ద గొర్రె ఎండాకాలమంతా ప్రాణం నిలుపుకొనేది చాలావరకు దీని వల్లే. కానీ పెరిగే పిల్లకు ఇది చాలదు. ఉన్నదాన్ని తిప్పి వాడుకుంటే ప్రాణం నిలుస్తుంది, కొత్త కండ రావాలంటే కొత్త నత్రజని లోపలికి రావాలి.

ఎంత రావాలి? పదిహేను కిలోల పిల్ల రోజుకు వంద గ్రాములు పెరగాలంటే పొడి బరువు లెక్కన సుమారు 600 గ్రాముల మేత, అందులో దాదాపు 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఎండు గడ్డి మాత్రమే దొరికితే ఆ పిల్ల 400 గ్రాములకు మించి తినలేదు. అందులో నూటికి నాలుగు పాళ్లు అనుకుంటే దక్కేది 16 గ్రాములు. 80 కావాల్సిన చోట 16! పిల్ల ఎందుకు ఎదగడం లేదో ఈ రెండు అంకెలే చెప్తాయి.

ఇప్పుడు అదే పిల్లకు సాయంత్రం దొడ్డిలో వంద గ్రాముల పల్లి చెక్క (పల్లీల నూనె తీశాక మిగిలే పిప్పి), అర కిలో పచ్చి సుబాబుల్ ఆకు పెట్టామనుకుందాం. చెక్కలో మాంసకృత్తులు నూటికి నలభై పాళ్లు, అంటే 40 గ్రాములు. అర కిలో పచ్చి ఆకులో పొడి పదార్థం 150 గ్రాములు ఉంటుంది. అందులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ మాంసకృత్తులే కాబట్టి ఇంకో 33 గ్రాములు. పగలు మేసిన ఎండు గడ్డితో కలిపితే 80 దాటుతుంది. ఇక్కడ నాకు చాలా నచ్చే విషయం ఒకటుంది. ఈ చెక్క, ఈ ఆకు తమ పోషకాన్ని ఇవ్వడంతో ఆగవు. సూక్ష్మజీవులకు నత్రజని అంది, అదే ఎండు గడ్డి ముందుకంటే బాగా అరుగుతుంది. పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది. పిల్ల ఇంకొంత గడ్డి తింటుంది. పిడికెడు చెక్క బీడంతా మేత చేస్తుంది.

చెక్క ధర చూస్తే చిన్న కాపరికి టెన్షనే. అందుకే నేను చెట్ల ఆకును ముందు పెడతాను. అవిస, సుబాబుల్, గట్ల మీద వేసుకునే దశరథ గడ్డి, వీటిలో మాంసకృత్తులు ఎక్కువ. రావి, మర్రి, మేడి, రేగు కొమ్మలు కొట్టి వేయడం మన కాపరులకు తరతరాలుగా తెలిసిన పనే. ఎండాకాలంలో నేల మీద గడ్డి చచ్చిపోయినా లోతుగా వేళ్లు దించిన చెట్టు పచ్చగా ఉంటుంది. తుమ్మ ఆకు, తుమ్మ కాయ కూడా మంచివే. కానీ వాటిలో వగరు పదార్థాలు, అంటే టానిన్లు ఎక్కువ. కొద్దిగా తింటే అవి కొంత మాంసకృత్తిని రూమెన్‌లో పాడవకుండా కాపాడి కిందికి పంపుతాయి. ఎక్కువైతే అదే మాంసకృత్తిని పట్టేసి అరగనివ్వవు. తుమ్మ ఒక్కటే వేయకుండా వేరే ఆకుతో కలిపి వేయడం మేలు.

సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర గ్రంథి ఉబ్బుతుంది. హవాయిలో మేకలు దీన్ని తిని బాగానే ఉంటాయి. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ ఎందుకో వెతికాడు. ఆ మేకల రూమెన్‌లో ఈ విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఉందని తేలింది. ఆ మేకల రూమెన్ ద్రవాన్ని ఆస్ట్రేలియాకు తెచ్చి అక్కడి జీవాలకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. తర్వాత ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరే కలిపి సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఒకే జాతి జీవాలు, ఒకే మేత. తేడా అంతా పొట్టలోని సూక్ష్మజీవులది.

ఇక మన గొర్రె సంగతి. ఒకప్పుడు ఇక్కడి కురుమల మందల్లో ఎక్కువగా నల్ల ఉన్ని దక్కని గొర్రెలు ఉండేవి. ఆ ఉన్నితోనే గొంగళ్లు నేసేవారు. గొంగళ్లు కొనేవాళ్లు తగ్గి మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని నెల్లూరు జాతి రకాలు ఎక్కువయ్యాయి. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు రాయితీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి జీవాలు పెద్ద ఎత్తున వచ్చాయి. 2019 పశుగణన నాటికి తెలంగాణలో గొర్రెలు దాదాపు 1 కోటి 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం.

ఉన్ని గొర్రెకూ, నెల్లూరు లాంటి వెంట్రుక గొర్రెకూ మేత అవసరం ఒకటి కాదు. ఉన్ని అంటే దాదాపు మొత్తం కెరాటిన్ అనే మాంసకృత్తే. దానికి గంధకం ఉండే అమైనో ఆమ్లాలు బాగా కావాలి. పిల్ల పెరుగుతున్నా, బక్కచిక్కుతున్నా ఉన్ని పెరుగుతూనే ఉంటుంది, తన వాటా తాను లాక్కుంటుంది. నెల్లూరు పిల్లకు ఆ ఖర్చు లేదు. ఒంటి మీద దట్టమైన ఉన్ని లేకపోవడం వల్ల వేడిని వదలడమూ సులువు. బ్రెజిల్ ఈశాన్యంలోని కరువు నేలల్లో శాంతా ఇనెస్, మొరాడా నోవా అనే వెంట్రుక గొర్రెల మీద పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. యూరప్, అమెరికా ఉన్ని గొర్రెల కోసం తయారైన పోషక పట్టికలు ఈ జీవాలకు అచ్చంగా సరిపోవని తేల్చారు. ఈ రకాలు కొవ్వును చర్మం కింద కంటే లోపల, పేగుల చుట్టూ, మూత్రపిండాల చుట్టూ ఎక్కువ దాచుకుంటాయి. మన దగ్గర కూడా మన జాతుల లెక్కలు వాడుకోవాలి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో ఇచ్చిన పోషక అవసరాల పట్టికలు అందుకు మంచి ఆధారం.

ఎండ గురించి ఒక మాట. పీచు మేత పులిసేటప్పుడు పొట్టలోనే వేడి పుడుతుంది. బయట 44 డిగ్రీలు, లోపల ఈ వేడి. గొర్రెకు చెమట తక్కువ, రొప్పి వేడి వదలాలి. మామూలుగా నిమిషానికి ఇరవై ముప్ఫై సార్లు తీసే ఊపిరి మే నెల మధ్యాహ్నం వంద దాటుతుంది. ఆ రొప్పుకూ శక్తి ఖర్చే. అందుకే పది గంటలకే మందను నీడకు తోలి, సాయంత్రం నాలుగున్నర దాటాక మళ్లీ మేపి, చెక్క, దాణా చల్లబడ్డాక వేసే కాపరి లెక్క శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్లు కూడా మేతలో భాగమే అనుకోవాలి. తిన్న ఒక్కో కిలో పొడి మేతకు చలికాలంలో రెండు లీటర్లు చాలితే, ఎండల్లో నాలుగు లీటర్లు దాటుతాయి. నీళ్లు తగ్గితే గొర్రె ముందు మేత తగ్గిస్తుంది. మేతే సరిపోని పిల్లకు అది రెండో దెబ్బ. చెరువు శిఖంలో నీరు దిగిన చోట పచ్చిక చూసి మందను దింపడం అందరూ చేసేదే. కానీ ఆ తడిలో ఉండే నత్తల ద్వారానే కార్జపు జలగలు గొర్రెకు చేరతాయి. శిఖంలో మేపితే ఆ జలగల మందు కూడా తప్పనిసరి.

దొడ్డిలోనే కట్టేసి పొట్టేళ్లను పెంచేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు సమస్య తిరగబడుతుంది. మక్కలు, తవుడు గబగబా పెంచితే రూమెన్‌లో ఆమ్లం పెరిగి జీవం పడిపోతుంది. అందుకే దాణాను రెండు వారాలపాటు కొద్దికొద్దిగా పెంచాలి. తవుడు, గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. భాస్వరానికి కనీసం రెండింతలు కాల్షియం లేకపోతే మగ పిల్లలకు మూత్రంలో రాళ్లు కట్టి మూత్రం ఆగిపోతుంది. గొర్రెల కోసం చేసిన ఖనిజ మిశ్రమమే వాడాలి. పశువులది వేస్తే అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని చంపగలదు. వరిగడ్డికి యూరియా పట్టించే పద్ధతి పాలు మాని రూమెన్ ఎదిగిన జీవాలకే తప్ప చిన్న పిల్లలకు వద్దు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మూసి ఉంచాలి. యూరియా కొలత దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎండాకాలంలో ఆగిన పెరుగుదలను వానల తర్వాత పిల్ల కొంతవరకు అందుకుంటుంది. పాలు తాగే వయసులోనే ఆగితే మాత్రం ఆ లోటు పూర్తిగా పూడదు. అందుకే మూడో వారం నుంచే తల్లి చొరబడలేని చిన్న కంచెలో పిల్లలకు మాత్రమే అందేలా మెత్తటి దాణా పెట్టాలి. రూమెన్ ఎదగడానికి ఆ దాణానే తొలి పాఠం. ఆరు నుంచి ఎనిమిది వారాలకు అది పని మొదలుపెడుతుంది.

ఆ రోజు పెద్దాయనతో ఇవన్నీ ఒకేసారి చెప్పలేదు. ముందు నట్టల మందు, తర్వాత పది పిల్లలకు మాత్రమే చెక్క, ఆకు, మిగతా పదికి మామూలు మేత అని అనుకున్నాం. మార్కులు కొట్టి, పదిహేను రోజులకోసారి కాంటా వేస్తానన్నాడు. మిరుగం దగ్గర పడుతున్న సంగతి కూడా మాట్లాడుకున్నాం. తొలకరి లేత గడ్డి కడుపారా తిన్న పిల్లలకే చిటుక రోగం పడి తెల్లారేసరికి చచ్చిపోతాయి. ఎండాకాలంలో మేత బాగా పెట్టి నిలబెట్టిన పిల్లలు కూడా దానికి చిక్కుతాయి కాబట్టి మే నెలలోనే టీకా వేయించాలి. "టీకా డాక్టర్‌తో నేను మాట్లాడుకుంట. కాంటా నువ్వు తెస్తవా?" అని అడిగాడు. తెస్తానన్నాను.