ఆఖరి నెలల్లో ఎంత వైద్యం?

ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న పెద్దవాళ్లకు ఆఖర్లో వైద్యం శ్రుతి మించిందా అని తేల్చడానికి పరిశోధకులు కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. చివరి 14 రోజుల్లో కీమో ఎక్కించారా? చివరి నెలలో ఐసీయూలో చేర్చారా? ఎమర్జెన్సీకి ఒకటికి రెండుసార్లు పరుగెత్తాల్సి వచ్చిందా?

డెబ్బై దాటాక రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జలో మునుపటి సత్తువ ఉండదు, కిడ్నీలు మందును నిదానంగా బయటికి పంపుతాయి. దాంతో పడుచువాళ్లు తట్టుకునే కీమోకే పెద్దవాళ్లలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోవచ్చు. ఇన్ఫెక్షన్, జ్వరం, మళ్లీ ఆసుపత్రి. అక్కడినుంచి వెంటిలేటర్ దాకా వెళ్తే గొంతులో గొట్టం. ఇక మాట రాదు. గొట్టం లాగేసుకుంటారని ఒక్కోసారి చేతులు కట్టేస్తారు. దాహమేస్తోందని కూడా చెప్పలేరు. పిల్లలు అద్దం అవతల నిలబడి ఉంటారు.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పుడే బయటపడ్డ 151 మందిలో సగం మందికి మామూలు చికిత్స ఇచ్చారు. మిగతా సగానికి దాంతోపాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే వైద్యం కూడా అందించారు. ఈ రెండో గుంపులో ఆఖరి రోజుల్లో దూకుడు వైద్యం పొందినవాళ్లు 33 శాతం, మొదటి గుంపులో 54. అయినా ఆయుష్షు తగ్గలేదు సరికదా, మొదటి గుంపులో సగం మంది 8.9 నెలలు దాటి బతికితే, రెండో గుంపులో సగం మంది 11.6 నెలలు దాటి బతికారు. ఎందుకన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేలే విషయం కాదు. కానీ ‘పాలియేటివ్ అంటే చేతులెత్తేయడమే’ అనే మాట తప్పని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన ఇళ్లలో అసలు చిక్కు "నాన్నకి చెప్పొద్దు" దగ్గరే మొదలవుతుంది. జబ్బు సంగతే తెలియని మనిషి తనకేం కావాలో ఎలా చెబుతాడు? చివరిదాకా పోరాడతాననే పెద్దవాళ్లూ ఉంటారు, అదీ వాళ్ల హక్కే. ఆ మాట వాళ్ల నోటినుంచి రావాలి. మార్ఫిన్ అలవాటైపోతుందని, ప్రాణం తీస్తుందని ఇంకో భయం. డాక్టర్ చెప్పిన మోతాదులో, వేళ తప్పకుండా ఇస్తే అది క్యాన్సర్ నొప్పికి నమ్మదగ్గ మందు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక అది ఆసుపత్రులకు దొరకడం సులువైంది కూడా. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది.

కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షుల సంతకాలతో నోటరీ దగ్గరో, గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు, మేజిస్ట్రేట్ దాకా వెళ్లక్కర్లేదు.